బ్రష్షు పోయిన శనివారం

వీపు తోమే బ్రష్షు పోయింది శనివారం నాడు. అప్పటికే హిల్యా సౌనా పొయ్యిలో రెండో విడత బర్చ్ కట్టెలు వేసింది. కడిగే గదిలో బల్లలన్నిటి మీదా వేడినీళ్ళు గుమ్మరించింది. తారు సబ్బును కత్తితో మూడు ముక్కలు చేసి డబ్బాలో పెట్టింది. గోడ వైపు చెయ్యి చాపితే ఖాళీ మేకు తగిలింది.

అది పంది వెంట్రుకల బ్రష్షు. టాంపెరే ఊళ్ళోని ఈ వీధి సౌనాలో, అంటే ఆవిరి స్నానశాలలో, ఆడవాళ్ళ వీపులు తోమే పనిలో హిల్యా చేరిన నెలలోనే కొనుక్కుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె బొటనవేలు ఆనిన చోట పిడికి పల్లం పడింది. బకెట్ల వెనకా బల్లల కిందా వెతికింది. టికెట్లు అమ్మే సైమి కూడా వచ్చి ఓ చూపు చూసి వెళ్ళింది.

"పోతే పోనీవే. అదీ నీలాగే ముసలిదైపోయింది," అంది సైమి.

"ముసలిదే. కానీ నీలా రోజంతా కుర్చీలో కూర్చోలేదు," అంది హిల్యా.

మధ్యాహ్నం రెండింటికి తలుపు తీశారు. మే నెల చివర. మిల్లు వదిలిన ఆడవాళ్ళు తువ్వాళ్ళు భుజాన వేసుకుని ఒకరి వెనక ఒకరు వచ్చారు. హిల్యా చారల ఏప్రన్ కట్టుకుంది. వంగీ వంగీ ఆమె నడుము కొద్దిగా ముందుకు ఒరిగి ఉండేది. ముంజేతులు మాత్రం యువతి చేతుల్లా గట్టివి. వేళ్ళ చివర్లు ఎప్పుడూ తడిసి ముడతలు పడే ఉండేవి. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్నప్పుడు కూడా ఆ ముడతలు పూర్తిగా పోయేవి కావు.

బ్రష్షు లేక ఆ రోజు ఉత్త అరచేతులతోనే తోమింది.

హిల్యాకు ముఖాలకంటే వీపులే బాగా గుర్తుండేవి. మగ్గం మీదికి వంగి వంగి గూడు కట్టిన భుజాలు, యుద్ధంలో ఇంటి మీద బాంబు పడినప్పుడు గాజుముక్క గీసిన గీత, పుట్టుమచ్చలు. ఎనిమిదేళ్ళ పిల్లగా తల్లితో వచ్చి సబ్బు కళ్ళలో పడిందని ఏడ్చిన మనిషి, కొన్నేళ్ళకు పెద్ద పొట్టతో వచ్చి అదే బల్ల మీద మెల్లగా కూర్చునేది. అలాంటప్పుడు హిల్యా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఒక మనిషి లోపల ఇంకో మనిషి కూర్చుని ఉండడం ఇన్నేళ్ళు చూసినా ఆమెకు అలవాటు కాలేదు. చర్చిలో కూడా ఆమెకు అంత మౌనం కమ్మేది కాదు.

చూసింది ఎవరితోనూ చెప్పేది కాదు. అది ఆ పనిలో నియమం. చూసిందే కాదు, విన్నది కూడా. ఆమె వినేది చెవులతో కాదు. వీపులు తోమే పనికి ముందు పన్నెండేళ్ళు నేతమిల్లులో మగ్గం నడిపింది. ఆ చప్పుడులో మాట వినపడదు. అక్కడి ఆడవాళ్ళు గొంతు లేకుండా పెదవులు కదిపి మాట్లాడుకుంటారు. సౌనాలోనూ ఎవరికీ వినపడకూడని మాట వస్తే అలాగే మాట్లాడుకునేవాళ్ళు. తోమే ముసలామె కూడా ఒకప్పటి మిల్లు మనిషేనని కొత్తపిల్లలకు తెలియదు.

అలా ఎన్ని మాటలు చదివిందో. మొదటిసారికి కడుపు రాదని ఒకతె. అయ్యాక లేచి గెంతితే చాలని ఇంకొకతె. నీళ్ళతో కడుక్కుంటే పోతుందని ఒకతె పందెం కాసింది. ఆ మరుసటి వేసవికి ఆ పందెం ఆమె చంకన కూర్చుని బకెట్‌లో చేతులాడించింది.

నాలుగింటికి ఇర్మెలి వచ్చింది, పక్క మగ్గం పిల్లతో. ఇర్మెలికి పందొమ్మిదేళ్ళు. పొడుగు మనిషి, మోచేతుల దాకా మచ్చలు. ఆగస్టులో ఆమె మిల్లు మానేస్తుంది. పటాలు గీయడం నేర్పే బడిలో సీటు వచ్చింది. మొత్తం నేతహాలులో సీటు వచ్చింది ఆమె ఒక్కతెకే. సీటు ఇచ్చిన ఉత్తరాన్ని సైమి దగ్గర్నుంచి ప్రతి ఒక్కరికీ చూపించింది. తడవకుండా ఇప్పటికీ సంచీలో మడిచి పెట్టుకునే తిరుగుతోంది.

వాళ్ళిద్దరూ వరుసలో కూర్చున్నారు. హిల్యా ఎవరి పాదాలో తోముతూ తలెత్తింది. ఇర్మెలి పెదవులు కదులుతున్నాయి. సైన్యంలో ఉన్న తన ప్రియుడు రెండు రోజుల సెలవు మీద వచ్చాడట. ఈ రాత్రి సరస్సు పక్కన అతని మామయ్య గుడిసె ఖాళీగా ఉందట. భయం లేదా అని అడిగింది రెండో పిల్ల. ఇర్మెలి నవ్వింది. అతను కూడా గోడకు అటువైపు మగవాళ్ళ సౌనాలో ఉన్నాడట. ఇంత వేడికి మగవాడి బీజం చచ్చిపోతుందని హాలులో అందరూ అంటారట. ఇంకా ఏమైనా మిగిలితే తర్వాత సరస్సులో దూకితే ఆ చలికి అదీ పోతుందట.

హిల్యా చేతిలోని పాదం జారి నీళ్ళలో పడింది.

ఆమె అక్క ఎల్మా పల్లెలో ఉండేది. నాలుగో కాన్పు తర్వాత, ఇంకొకటి వస్తే బతకవని డాక్టరు చెప్పాడు. పాలిస్తున్నంత కాలం గర్భం రాదు కదా అని ఎల్మా ధైర్యంగా ఉంది. బిడ్డకు పది నెలలు నిండాయి, జావ తింటోంది, పాలు తాగేది రాత్రి ఒక్కసారే. అలాంటప్పుడు పాలను నమ్ముకోకూడదని మంత్రసాని వంటింట్లో ఎవరితోనో అంటుంటే హిల్యా విన్నది. అప్పటికి ఆమెకు పదిహేడు. పెళ్ళికాని పిల్ల అక్కతో అలాంటి మాట ఎలా అంటుంది? అనలేదు. మరుసటి మార్చిలో ఇంటి వెనక సౌనాలో, అక్క కాన్పు దగ్గర, లాంతరు పట్టుకుని నిలబడింది. బిడ్డ ఒక్కతే బతికింది.

ఇర్మెలి వంతు వచ్చింది. బల్ల మీద కూర్చుని వీపు తిప్పింది. హిల్యా సబ్బు రాసింది. అరచేతి కింద ఆ వీపు వెచ్చగా, బిగువుగా ఉంది.

"ఈవేళ బ్రష్షు లేదా పిన్నీ? హాయిగా ఉంది," అంది ఇర్మెలి.

హిల్యా ఇంకాస్త సబ్బు తీసుకుంది. నడుము దాకా తోమింది. తర్వాత చేతులు కడుక్కుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆ పిల్ల ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. తోమే మనిషి అలా ఎదురుగా కూర్చోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆమె పెదవులు కదిపింది. గొంతు లేదు.

"శనివారం శనివారం సౌనా చేసి పడుకున్నవాళ్ళ పిల్లలమే ఈ గదిలో అందరమూ. ఈ వేడే ఆపగలిగితే మన దేశంలో మనుషులే ఉండేవాళ్ళు కాదు."

ఇర్మెలి ముఖం ఎర్రబడింది. వేడికి అప్పటికే ఎర్రగా ఉన్నా తేడా తెలిసింది. ఆమె పెదవులూ కదిలాయి. "నువ్వు మిల్లు దానివా?"

"పన్నెండేళ్ళు. విను. సౌనా ఆపదు, సరస్సూ ఆపదు. గెంతినా కడుక్కున్నా ఆగదు. మొదటిసారి అని అది చూడదు. మంగళవారం సాయంత్రం ఆరోగ్య కేంద్రంలో నర్సు ఉంటుంది. కడుపు రాకుండా వేసుకునే మాత్రల సంగతి ఆమె చూస్తుంది. కొత్త చట్టం వచ్చాక ఉచితం. నీ వేలికి ఉంగరం ఉందా అని అడగదు. మాత్ర వేసుకున్న రోజునుంచే పనిచెయ్యదు, ఎప్పటినుంచో ఆమె చెబుతుంది. అందాకా తొడుగు. అది లేదంటే అతన్ని చేపలు పట్టుకోమను."

ఇర్మెలి నవ్వబోయి ఆగింది. ఆవిరి గది తలుపు తెరుచుకుని వేడి ఒక్కసారిగా మీదికి వచ్చింది. చుట్టూ బకెట్ల చప్పుడు, పిల్లల ఏడుపు. ఇరవై మంది ఆడవాళ్ళ మధ్య ఆ మాటలు వాళ్ళిద్దరికే తెలిశాయి.

"అంత తేలిగ్గా అవుతుందా?" అంది పిల్ల, ఈసారి గొంతుతోనే, నెమ్మదిగా.

హిల్యా తడిచెయ్యి ఆమె మోకాలి మీద పెట్టింది. తేలిగ్గానే అవుతుంది. అంత పెద్దది అంత తేలిగ్గా మొదలవుతుంది. ఆ ఆశ్చర్యం చెప్పడానికి మిల్లు భాషలోనూ ఆమెకు మాటలు దొరకలేదు.

"అది రావాల్సినప్పుడు వస్తే దానంత గొప్పది లేదు," అంది చివరికి. "ముందు పటాలు గియ్యి."

ఇర్మెలి లేచింది. సబ్బు నురుగు కారుతుండగానే బల్ల చూపించింది. "కూర్చో పిన్నీ. నీ వీపు నేను తోముతాను. ఎవరైనా ఎప్పుడైనా తోమారా?"

హిల్యా స్టూలు మీంచి లేచింది. ఎల్మా తోమేది.

"వచ్చే శనివారం," అంది. "ఆరుగురున్నారు వరుసలో."

రాత్రి తొమ్మిదింటికి మూసేటప్పటికి, ఆ ఉత్తరపు వేసవిలో, కిటికీలో ఇంకా ఎండ ఉంది. సైమి గల్లా పెట్టె మూసి లోపలికి వచ్చింది. బల్లలన్నీ కడిగి ఉన్నాయి. బకెట్లు బోర్లించి ఉన్నాయి. హిల్యా ఆవిరి గదిలో కింది మెట్టు మీద ఏప్రన్‌తోనే కూర్చుని, గోడకు తల ఆనించి ఉంది. వేడి తగ్గేదాకా అలా కూర్చోవడం ఆమెకు అలవాటే కనుక సైమి ముందు పిలవలేదు. తర్వాత దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగానే ఉంది, కానీ ఆ వెచ్చదనం గదిది. వేళ్ళ చివరి ముడతలు ఆరిపోయి నున్నగా అయ్యాయి.

సోమవారం ఆసుపత్రి వాళ్ళే ఆమెను సిద్ధం చేసి శవపెట్టెలో ఉంచారు. గురువారం ఖననం. పదకొండు మంది వచ్చారు. అందులో ఎల్మా చివరి కూతురు ఒకతె. పెద్ద చేతుల మనిషి, పోస్టాఫీసులో పని.

శనివారం ఇర్మెలి మామూలుగా నాలుగింటికి వచ్చింది. ఆమెకు ఏమీ తెలియదు. పోయిన వారం ఆమె గుడిసెకు వెళ్ళలేదు. మంగళవారం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. ఆ సంగతి చెప్పాలని, సంచీలో కొత్త సబ్బు ఒకటి కాగితంలో చుట్టి తెచ్చింది. సైమి టికెట్ చింపకుండా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి చెప్పింది. కడిగే గది నేలపలకలు ఎత్తి శుభ్రం చేస్తుంటే బ్రష్షు దొరికిందని కూడా చెప్పింది. పలకల సందులోంచి జారిపోయిందట.

ఇర్మెలి లోపలికి వెళ్ళి చూసింది. బ్రష్షు మేకుకు వేలాడుతోంది. ఆరింది. పిడి మీద బొటనవేలి పల్లం అలాగే ఉంది. హిల్యా వీపు ఎవరూ తోమలేదు.