వేలెత్తక ముందే

మా ఆయన విల్ఫ్ ఆర్జిల్ మూడు వేసవులు మా కౌంటీ జట్టుకి క్రికెట్ ఆడాడు. జీతానికి ఆడేవాళ్లలో కూడా చివరి వరస. ఆ పేరు ఇప్పుడెవరికీ గుర్తుండదు, ఉండాలని నేనూ అనను. నేను కోరుకున్నది ఒక్కటే, అతను మళ్లీ బొగ్గు గనిలోకి దిగకూడదని. మా మామగారి దగ్గు విన్న చెవులు నావి.

మూడో ఏడు చివరి మ్యాచ్. సెంచరీ కొడితే వచ్చే ఏడూ ఉంచుకుంటామని కెప్టెన్ గారు ముందే చెప్పారు. తొంభై ఆరు దగ్గర బంతి బ్యాటు పక్కనుంచి పోయింది, టక్కుమని చప్పుడైంది, కీపర్ పట్టుకున్నాడు. మా ఆయన బ్యాటు చంకలో పెట్టుకుని వచ్చేశాడు. తగిలిందని మనకు తెలిస్తే అంపైర్ చెప్పేదాకా ఆగకూడదట, అది మర్యాదట. కెప్టెన్ గారు చెయ్యి కలిపి, "పెద్దమనిషివయ్యా ఆర్జిల్" అన్నారు. మరుసటి ఏడు ఆ పెద్దమనిషికి జట్టులో చోటు లేకపోయింది.

చలికాలమంతా గనిలోనే. సాయంత్రం పొయ్యి ముందు తొట్టిలో కూర్చోబెట్టి నేను వీపు రుద్దుతుంటే, తడి చేతులతో ఆ షాట్ మళ్లీ మళ్లీ ఆడి చూసుకునేవాడు. "అంత చెత్తగా ఎలా ఆడాను?" అని కుమిలిపోయేవాడు.

మరుసటి వేసవిలో ఒక శనివారం పబ్బులో మా ఇద్దరికీ ఆనాటి అవతలి జట్టు కీపర్ సిడ్ లాంబ్లీ తగిలాడు.

"ఏం మనిషివయ్యా నువ్వు," అన్నాడు. "బంతి నీ బ్యాటుకు తగిలితే కదా. నీ బ్యాటే నీ బూటుకు కొట్టుకుంది. మేమింకా అవుటని అడగనే లేదు, నువ్వప్పటికే సగం దూరం పోయావు."

"మరి పిలవచ్చుగా?" అన్నాను నేను.

"పోయేవాణ్ణి పిలిచి మా బౌలర్లని బాదమంటామా తల్లీ?"

మా ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే అది చెత్త షాట్ కాదన్నమాట" అంటూ అందరికీ బీరు పోయించాడు. నాకు ఒళ్లు మండింది. బతుకు పోతే పోయింది, షాట్ దక్కిందని సంబరం.

మా వీధి మలుపుదాకా హుషారుగానే నడిచాడు. అక్కడ ఆగి గోడకు చెయ్యి ఆనించాడు.

"అంపైర్ వేలెత్తలేదు మేబెల్," అన్నాడు. "ఎవరూ పొమ్మనలేదు. మరి నేనెందుకు వచ్చేశాను?"

ఏడాదిగా నేను అతన్ని అడగాలనుకున్న మాట అదే. అతని నోట వినేసరికి, ఆ సిడ్ నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. చెత్త షాట్ ఆడానని అనుకుంటూ అతను ఎలాగో బతికేసేవాడు.