నాడి చూసిన గడియారం

చెవికి ఆనిస్తే ముందు చల్లగా తగిలేది.

ఆ తరువాతే చప్పుడు... సన్నగా, తొందరతొందరగా, చిన్నపిల్ల చెప్పుల్లేకుండా గచ్చు మీద పరుగెత్తినట్టు.

నాకు ఆ చప్పుడు ముద్దుగా ఉండేది. ముసలిదైనా ఎంత హుషారుగా ఉందో అనుకునేదాన్ని.

హుషారే అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు.

తాతయ్య గడియారం అది. తాతయ్య ఆస్పత్రిలో కాంపౌండరు. ముప్పై ఏళ్ళు దాంతోనే రోగుల నాడి చూశాడు. సెకన్ల ముల్లు ఎర్రగా, పొడుగ్గా ఉంటుంది, మసక వెలుతురులోనూ కనపడేలా. తాతయ్య పోయాక అది నాన్నకు వచ్చింది. నాన్న ఒక్కనాడూ చేతికి పెట్టుకోలేదు. రుమాల్లో చుట్టి, బీరువాలో చొక్కాల కింద ఇరవై ఏళ్ళు పడుకోబెట్టాడు.

గుండె జబ్బుతో మంచం పట్టిన వారానికి నన్ను పిలిచి, ఆ రుమాలు నా చేతిలో పెట్టాడు.

"ఇక ఇది నీదే అమ్మడూ. బాగుచేయించు. నా నాడి దీంతోనే చూడు. ఫోన్లూ గీన్లూ నాకొద్దు."

"ఇది నడుస్తుందా నాన్నా?"

"నేనెలాగూ నడవట్లేదు. అదైనా నడవనీ."

నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో ఇంకా నవ్వు ఉన్న రోజులవి.

గడియారాలు బాగుచేసే పెద్దాయన కొట్టు మెట్ల కింద ఉంటుంది. ఆయన కూర్చుంటే ఇంకొకరు నిలబడేంత చోటు. వెనక మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. నూనె ఎండి జిగురైపోయింది. ఒక మూల తుప్పు. పన్నెండు రోజులు పట్టింది. రోజూ పని నుంచి వస్తూ ఆగి చూసేదాన్ని — తెల్లగుడ్డ మీద చక్రాలు, ఆవగింజంత మరలు, అన్నీ వరసగా. పట్టకారుతో ఒక్కొక్కటే ఎత్తి కడిగేవాడు. సూది మొనతో నూనె అంటించేవాడు. ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలేవాడు.

అద్దం మార్చాడు. పట్టీ మార్చాడు. పసుపెక్కిన డయల్‌ని మాత్రం ముట్టుకోలేదు.

"ముడతలు తీసేస్తే ముసలాయన ముసలాయన కాడమ్మా," అన్నాడు.

ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాడు. "కీ తిప్పండి చాలు. టైం మార్చాలని మాటిమాటికీ బయటికి లాగకండి. లోపల పుల్ల అరిగిపోయింది."

ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాను. సాయంత్రం ఆరింటికి చేతులు కడుక్కుని, కీ పది తిప్పులు తిప్పేదాన్ని. పదకొండోది తిప్పేదాన్ని కాదు. ముళ్ళు ఎక్కడుంటే అక్కడి నుంచే నడిచేవి. టైమెంతో చెప్పడానికి ఫోన్ ఉంది. గడియారం పని నిమిషాన్ని కొలవడం. అంతే.

దానికొక పెట్టె కూడా కొన్నాను. లోపల మెత్తటి నీలం గుడ్డ. మూత దగ్గరకు తెస్తే చాలు, టక్కున దానంతటదే అతుక్కునేది. నాన్నకు ఆ టక్కు మహా సరదా. రెండుసార్లు తెరిచి మూయమనేవాడు.

కంటికి రెప్పలా చూసుకున్నాను.

డాక్టరు ఒకటే మాట చెప్పి వెళ్ళాడు. "నాడి వంద దాటితే వెంటనే నాకు ఫోన్ చేయండి. దాటకపోతే కంగారేం లేదు."

రోజూ సాయంత్రం ముక్కాలిపీట మీద కూర్చునేదాన్ని. నాన్న మణికట్టు మీద మూడు వేళ్ళు... ఎర్రముల్లు మీద కళ్ళు. ఒకటి, రెండు, మూడు.

"ఉన్నానా?" అనేవాడు, లెక్క పూర్తవ్వగానే.

"ఉన్నావు నాన్నా. తొంభై రెండు."

ఇంకో వారం. "ఉన్నావు. తొంభై నాలుగు."

ఇంకో వారం. "తొంభై ఆరు. వందకింకా నాలుగుంది, బెంగపడకు."

ఆ మర్నాడు తెల్లవారుజామున నాన్న పోయాడు.

తొంభై ఆరు దగ్గర పోయాడు. వంద దాటకుండానే పోయాడు. అందరూ అదే అన్నారు — ఎవరం ఏం చేస్తాం, అంతా బాగానే ఉంది కదా అని. నేనూ అదే అనుకుని ఏడ్చాను. ఆ ఏడుపులో కొంచెం నెమ్మది ఉంది. ఇప్పుడు ఆ ఏడుపు మీద కూడా నాకు అసూయ.

నెల తిరిగాక పోస్టాఫీసులో పనికి వెళుతూ, మొదటిసారి ఆ గడియారం చేతికి పెట్టుకున్నాను. నాన్నను వెంట తీసుకువెళ్ళాలనిపించింది. భయంభయంగా కీ బయటికి లాగి, అక్కడి గోడ గడియారం చూసి తొమ్మిదికి పెట్టాను.

ఉత్తరాల మీద ముద్రలు కొట్టాను. కొట్టాను. కొట్టాను.

గోడ మీద ఒంటిగంట. నా చేతి మీద ఒకటీ నలభై.

ముద్ర చేతిలోనే ఆగిపోయింది.

నాలుగు గంటల్లో నలభై నిమిషాలు. కాగితం మీద వేసి చూశాను. కొట్టేసి మళ్ళీ వేశాను. మూడోసారీ అదే వచ్చింది. ఆ గడియారం నిమిషం అంటే యాభై రెండు సెకన్లు కూడా కాదు. నేను తొంభై ఆరు అన్న రోజు నాన్న నాడి నూట పన్నెండు.

తొంభై రెండు అన్న రోజే వంద దాటింది.

మెట్ల కింద కొట్లో పెద్దాయన గడియారం చేతిలోకి తీసుకోలేదు. సొరుగులోంచి చిన్న దిక్సూచి తీసి దాని పక్కన పెట్టాడు. సూది గిర్రున తిరిగింది.

"అయస్కాంతం పట్టిందమ్మా. లోపల వెంట్రుకంత స్ప్రింగు ఉంటుంది. దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. స్ప్రింగు పొట్టిదైతే ఇక పరుగే. ఎక్కడ పెడుతున్నారు దీన్ని?"

సంచిలోంచి పెట్టె తీశాను.

ఆయన మూత ఒకసారి తెరిచి మూశాడు. టక్. దిక్సూచి దగ్గరకు తెచ్చాడు. సూది మళ్ళీ తిరిగి మూత వైపే ఆగింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా పరుగెడుతోంది?" అని అడిగాను. ఒక్క రోజు నుంచి అనాలని... నాన్న పోయిన తరువాతి నుంచి అనాలని... ఆ ఒక్క మాట కోసం ఆయన కాళ్ళు పట్టుకునేదాన్నే.

"దానికి నోరుంటే అదే చెప్పేది. పెట్టె ఎప్పుడు కొన్నారు?"

పెట్టెను మళ్ళీ సంచిలోకి తోశాను. కొన్న రోజు నాకు తెలుసు.

అయస్కాంతం వదిలించే చిన్న యంత్రం మీద గడియారం పెట్టి, మీట నొక్కి, మెల్లగా పైకి ఎత్తాడు. అయిపోయింది. ఐదు సెకన్లు పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ ఐదు సెకన్లలో తెలిసింది.

ఇంటికి నడుస్తూ నిర్ణయించుకున్నాను. అమ్మకు చెప్పేస్తాను. దాచుకుని బతకలేను.

అమ్మ నాన్న మంచం మీద కూర్చుని, మిగిలిన మందుల సీసాలు గుడ్డసంచిలో వేస్తోంది. ఆస్పత్రిలో ఎవరికైనా పనికొస్తాయని. నన్ను చూసి చేతిలోది పక్కన పెట్టింది.

"కూర్చో. నీకొకటి చెప్పాలే. ఇన్నాళ్ళూ నోరు పెగల్లేదు."

కూర్చున్నాను.

"ఆ తెల్లారుజామున ఆయనకి ఆయాసం వచ్చింది. పిల్లని లేపనా, డాక్టరుకి ఫోన్ చేయించనా అన్నాను. వద్దన్నారు. తొంభై ఆరే అంది కదా, పొద్దస్తమానం నిలబడి పనిచేసొస్తుంది, పడుకోనీ అన్నారు. నేను కూడా... తొంభై ఆరే కదా అనుకున్నాను. గంటసేపు అలా చూస్తూ కూర్చున్నానే. నిన్ను లేపితే ఉండేవారేమో. నేనే చంపుకున్నాను ఆయన్ని."

అమ్మ ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయాక మాట్లాడే గొంతు అది.

ఒక్క మాట. ఒక్క మాట అంటే అమ్మ మీది బండ దిగిపోతుంది. రావలసిన చోటికే, నా మీదికే వస్తుంది.

నోరు తెరిచాను. దాచడమెందుకు, నాకు భయమేసింది. నాన్న లేడు. ఇక నన్ను ప్రేమగా చూసే కళ్ళు లోకంలో రెండే. అవి కూడా మారిపోతే...

"నీ తప్పేం లేదమ్మా," అన్నాను.

"మరి ఎవరిదే?"

అమ్మ నా వైపే చూస్తోంది. ఓదార్పు కోసం అడగలేదు. నిజంగానే అడిగింది.

గడియారం మీద అరచెయ్యి కప్పాను. చల్లగా తగిలింది. కింద ఆ చప్పుడు... ఇప్పుడు తొందర లేదు. నిమిషానికి నిమిషం, నింపాదిగా.

అమ్మ ఇంకా చూస్తూనే ఉంది.