మెందుంగ్ దొరగారి ఫలహారం

మద్దెల ముందు కూర్చున్నప్పుడు తప్ప సుంపెనో మాట ఎక్కడా చెల్లదు. ఇంట్లో మాట పెళ్ళాం పర్యాతిది, కర్రపెండలం చేలో మాట కోతులది. మద్దెల మీద చెయ్యి పడితే మాత్రం ఊళ్ళోని కంచువాయిద్యాల గామెలాన్ మేళం మొత్తం ఆయన వేళ్ళ వెంట నడుస్తుంది. ఆయన తొందరపెడితే తొందరపడుతుంది, ఆపితే ఆగుతుంది.

ఆ మేళానికి ఒకటే జబ్బు, ముసలితనం. అందరిలోకీ కుర్రవాడు టోఫూ అమ్మే సర్జో, ఆయనకీ మనవలున్నారు. కిందటేడు కంచుగిన్నెలు వాయించే వరియో పోయాక ఆ చోట ఎవరూ కూర్చోలేదు. ఇంకో ఇద్దరు పోతే వాయిద్యాలకు గుడ్డ కప్పి మూలన పెట్టాల్సిందే. సుంపెనోకి రాత్రింబవళ్ళు అదే దిగులు. అందుకే కొండదిగువ ప్రాథమిక పాఠశాల హెడ్మిస్ట్రెస్ విదార్తి కబురు పెట్టగానే, బురదకాళ్ళు కూడా కడుక్కోకుండా పరిగెత్తాడు.

ఆవిడ సూటి మనిషి. "శనివారం ఆఖరి రెండు పీరియడ్లు ఖాళీగా ఉన్నాయండీ. అవి డ్రమ్‌బ్యాండుకి ఇమ్మని డ్రిల్లు చెప్పే హెంద్రో మాష్టారు నా ప్రాణం తీస్తున్నారు. గామెలాన్‌కి ఇమ్మని మీరు తిరుగుతున్నారు. నాకు రెండూ ఒకటే, పిల్లలు గోడ దూకకపోతే చాలు. ఒక శనివారం వచ్చి వాయించండి. ఆఖరి గోంగు పడేదాకా పిల్లలు కదలకుండా కూర్చుంటే శనివారాలు మీవి. లేచిపోయారా, ఆయనవి."

పందెం తేలికైంది కాదు. డ్రమ్‌బ్యాండంటే తలమీద ఈకల టోపీ, కాలికి తెల్లబూట్లు, ముందు కర్ర తిప్పుతూ నడిచే పిల్ల. ఊళ్ళో తల్లులు అప్పుడే బూట్లకు పాదాల కొలతలు తీయిస్తున్నారు.

"చిన్నపాట వాయించు. గంతులేసేది ఏదైనా," అంది పర్యాతి ఆ సాయంత్రం పొయ్యి ఊదుతూ. మేళంలో పాట పాడేది ఆవిడే.

"గంతులు కోతులు కూడా వేస్తాయి. రాజుగారి కొలువులో వాయించే పెద్ద పాట, గెండింగ్, వాయిస్తా. వింటే అసలుదే వినాలి."

"రాజుగారు పరుపు మీద కూర్చుని విన్నాడయ్యా. వీళ్ళు చల్లటి గచ్చు మీద కూర్చోవాలి. పావుగంటకి ఒంటికి వస్తుంది సన్నాసులకి."

"పట్టుకుంటారు."

"నువ్వే పట్టుకోలేవు," అంది ఆవిడ. సుంపెనో విననట్టు మద్దెల తోలు బిగించుకున్నాడు.

శనివారం మేళాన్ని పికప్ బండి మీద బడికి చేర్చారు. హాల్లో చాపలు పరిచి, కంచుపలకలు, కంచుగిన్నెలు వరసగా పెట్టారు. వెనక గోడ దగ్గర చెక్క పందిరికి పెద్ద కంచు గోంగును వేలాడదీశారు. ఎడ్లబండి చక్రమంత ఉంటుంది. దాన్ని వస్తువనుకుంటే ఆ ఊళ్ళో ఊరుకోరు. దానికి పేరుంది, మెందుంగ్ దొర. మెందుంగ్ అంటే నల్లమబ్బు. వానాకాలంలో కొట్టినా ఎండాకాలంలో కొట్టినా వింటే పొట్టలో ఉరిమినట్టే ఉంటుంది. పాట ఒక చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా ఆ గోంగు ఒక్కసారి పడుతుంది. పాట ముగిసేదీ దానితోనే. అది పడకుండా వాయిద్యం వదలడం ఆ మేళంలో తాతలనాటినుంచీ లేదు. పాడెను సగం దారిలో దించేసి ఇంటికి పోయినంత తప్పు.

దొరగారికి సేవకుడు జోయో. వరసకి సుంపెనోకి పెద్దమ్మ కొడుకు. కోపం ముక్కు మీద ఉంటుంది, చెవుడు ఎడమ చెవిలో ఉంటుంది. మట్టిరంగు స్కౌటు బట్టల్లో పిల్లలు హాల్లోకి ఉరికి, ఒకడు కంచుగిన్నెల మీంచి ఒక్క దూకు దూకాడు.

"ఒరేయ్! దాటకురా! పెద్దవాళ్ళను దాటతారట్రా ఎవరైనా?" అని జోయో గుండెలు బాదుకున్నాడు.

"పెద్దవాళ్ళెక్కడున్నారు తాతా? గిన్నెలు!"

"ఆ గిన్నెలు మీ తాతకంటే పెద్దవిరా!"

వాణ్ని వెనక్కి తిప్పి, గిన్నెలకు దణ్ణం పెట్టించాక గానీ జోయో శాంతించలేదు. తర్వాత గోంగు ముందు నేలమీద అరిటాకు వేశాడు. గులాబి రేకులు, అరటిపండు, చేదు కాఫీ, లోపల బెల్లంపాకం దాచుకుని పైన కొబ్బరికోరు పూసుకున్న పచ్చటి క్లెపోన్ ఉండలు, చివరికి ఒక లవంగాల సిగరెట్టు. దొరగారు తినందే పలకరు.

విదార్తి మేడం చటుక్కున వంగి సిగరెట్టు తీసేసింది. "బడిలో సిగరెట్టేమిటండీ!"

"నాకు కాదమ్మా, ఆయనకి."

"ఆయనకైనా సరే. బడి బయట కాల్చుకోమనండి."

జోయో మొహం మాడ్చుకుని గోంగు వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. అక్కణ్ణించి ఆయనకి దొరగారి వీపు తప్ప ముందున్న ఆకు కనపడదు. వాయిద్యాలు కింద హాలంతా ఆక్రమించేశాయి కాబట్టి, రెండో తరగతి పిల్లల్ని పక్కగా, సరిగ్గా ఆ ఆకు అంచుకి కూర్చోబెట్టారు. ఎవరి బుద్ధో అది, తర్వాత ఎవరూ ఒప్పుకోలేదు.

పాట మొదలైంది. రాజుల గెండింగ్ కదా, ఏనుగు నడక. మొదటి చుట్టు తిరిగి గోంగు పడేసరికి వెనక వరసలో ఆవలింతలు మొదలయ్యాయి. ఒకడు ముందువాడి చొక్కా మీద వేలితో బొమ్మ గీస్తున్నాడు. ఇద్దరు పిల్లలు గోడమీద బల్లికి పందెం కాస్తున్నారు. గుమ్మం దగ్గర హెంద్రో మాష్టారు మెళ్ళో ఈలతో, చేతులు కట్టుకుని, పెళ్ళికొచ్చిన శత్రువులా నవ్వుతున్నాడు.

సుంపెనో మద్దెల మీద ఇంకాస్త గట్టిగా వేశాడు. అప్పుడు చూశాడు, రెండో తరగతి వరస ముందుకు జరుగుతోంది. మెల్లిగా, పిర్రల మీద, ఒక్కో జానెడు. కళ్ళు పెద్దవి చేసుకుని, ఊపిరి బిగబట్టి, గోంగు వైపు. సుంపెనో గుండె పొంగిపోయింది. చూశావుటే, అన్నట్టు పెళ్ళాం వైపు కనుబొమలెగరేశాడు. సంగీతం లాగుతోంది పిల్లల్ని! నాలుగో చుట్టుకి ఆ వరస ఎంత తన్మయత్వంలో ఉందంటే, అందరి బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి.

ఆ ఆనందంలోనే ముగింపు దరువు వేశాడు. మేళమంతా నడక తగ్గించి, తగ్గించి, బరువు దించుకునే కూలీల్లా ఆఖరి మెట్టు మీదికి వచ్చి ఆగి, గోంగు కోసం చూసింది.

గోంగు పడలేదు.

సుంపెనోకి నెత్తిన చన్నీళ్ళు కుమ్మరించినట్టయింది. హెంద్రో ఈల నోటిదాకా వచ్చింది. సుంపెనో ఇంకేం చేస్తాడు? మద్దెలను మళ్ళీ అందుకున్నాడు. ముసలివాళ్ళు ఉలిక్కిపడి, గొణుక్కుంటూ, పాటను మళ్ళీ చుట్టుకెక్కించారు. వాయిస్తూనే తల వెనక్కి తిప్పి చూశాడు. జోయో పందిరి పక్కనుంచి ముందుకు వంగి చూసుకుని వచ్చాడు కాబోలు, గోంగు కర్రను ఒళ్ళో పెట్టుకుని, చేతులు కట్టుకుని, గడ్డంతో ఆకును చూపిస్తున్నాడు. ఆకు మీద చేదు కాఫీ ఒక్కటే మిగిలింది. గులాబి రేకులు కూడా ఎవరో రుచి చూసి ఉమ్మేశారు.

జోయో సంగతి సుంపెనోకి తెలుసు. ఒకసారి పెళ్ళిలో దొరగారికి ఫలహారం మరిచిపోతే పెళ్ళిపందిరి కూలిందని, ఆ రోజునుంచీ తినని దొర మీద దెబ్బ వెయ్యనని ఒట్టేసుకున్నవాడు. మెడ నరికినా వెయ్యడు. వాయించే మధ్యలో లేచి బతిమాలటానికి లేదు.

కానీ పాడే మనిషికి నోరుంది. పల్లవి రాజులదైనా, మధ్యలో వేసే పాదాలు పాడేవాళ్ళ ఇష్టం. పెళ్ళిళ్ళలో పర్యాతి ఆ పాదాల్లో వియ్యపురాలి ముక్కును కూడా వెక్కిరిస్తుంది. ఆ అలవాటంటే సుంపెనోకి ఒళ్ళుమంట. ఇప్పుడు ఆవిడ గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని, అపర సరస్వతిలా ఎత్తుకుంది:

"నల్లమబ్బు కమ్మెనే... కొండకొమ్ము తాకెనే...
ఉరుమేదీ బావగారూ, ఉరుమేదీ?"

గోంగు వెనకనుంచి బొంగురుగొంతు, శ్రుతి తప్పకుండా, జవాబిచ్చింది:

"ఆకలేసిన దొరవారు ఉరుముతారా మరదలా...
ఆకు మీద ఉండలన్నీ ఎవరెత్తుకెళ్ళిరీ?"

బల్లి పందెం ఆగిపోయింది. చొక్కా మీద బొమ్మ ఆగిపోయింది. "ఒరేయ్, వాళ్ళు పోట్లాడుకుంటున్నార్రా, పాటలో!" అని ఎవరో గుసగుసలాడారు.

పర్యాతి ఒక కన్ను తెరిచి రెండో తరగతి వైపు చూసింది:

"కాకులైతే నల్లనివే, స్కౌటుబట్ట కట్టవే...
మూతినిండ కొబ్బరుంటె కాకులంటరా?"

హాల్లో ఉన్న పిల్లలందరూ, తిన్నవాళ్ళూ తిననివాళ్ళూ, ఒకేసారి మూతి తుడుచుకున్నారు. తర్వాత ఘొల్లున నవ్వు. ఆ నవ్వులో మేళం మునిగిపోయింది.

హెంద్రో అదును చూసి మేడం పక్కకి చేరాడు. "పాట చెడిపోయింది మేడం. లేపేద్దామా?" ఆవిడ నోరు తెరిచేలోపే ఈల ఊదాడు. రోజూ ఆ ఈలకి చీమలబారులా లేచే పిల్లలు.

ఎవరూ లేవలేదు. వెనకనుంచి ఒక ఐదో తరగతి గొంతు, "సార్, కూర్చోండి సార్! కనపట్టంలా!"

సుంపెనో ఆ మాట విన్నాడు. గట్టిగా వాయిస్తే ఈ గోలంతా మునిగిపోతుంది, రాజుల గెండింగ్ పరువు దక్కుతుంది. గురువు బతికుంటే అదే చెయ్యమనేవాడు. కానీ హాల్లో అన్ని కళ్ళూ మేళం మీదే ఉన్నాయి. తన జన్మలో అన్ని కళ్ళు ఎప్పుడూ చూడలేదు, రాజుగారి కొలువులో వాయించినా చూసేవి కావు. పళ్ళు కొరుక్కుని మద్దెల చప్పుడు తగ్గించాడు. కంచుపలకలు ఆయన వెంటే తగ్గాయి. మేళం మాటలకి చోటిచ్చింది.

ఆ చోటులోకి ఒక పిల్ల లేచి నిలబడింది. పేరు పినస్తి. గడ్డం మీద కొబ్బరికోరు అలాగే ఉంది. పర్యాతి పాడిన వరసనే, సన్నగొంతుతో పట్టుకుంది: "నేనొక్కటే తిన్నానూ..."

"అబద్ధం, మూడూ!" పక్కనున్నవాడు, సరిగ్గా దరువు మీద.

"నువ్వు అరటిపండూ!"

"తొక్క వాడిదీ!"

నేరాలన్నీ తాళంలో బయటపడుతున్నాయి. సర్జో నవ్వాపుకోలేక ఒక పలక తప్పు కొట్టాడు. అలవాటు కొద్దీ సుంపెనో గుడ్లురిమాడు గానీ తన మీసాలే వణుకుతున్నాయి.

"తిన్నవాళ్ళు తిరిగి పెడితే దొరవారు పలుకుతారు..." అని పాడింది పర్యాతి.

ఇక చూడాలి. జేబులు, సంచులు తెరుచుకున్నాయి. ఒకడు రొయ్యప్పడం తెచ్చి ఆకు మీద పెట్టాడు. ఇంకొకడు కారపు మకరోనీ పొట్లం. జోయో పందిరి పక్కనుంచి తల పెట్టి చూసి పాడాడు, "దొరవారికి కారమంటే కడుపుమంటరా..."

"మరి వేపిన సోయాగింజల తెంపే?"

"ఎంగిలీ..."

"ఒక్క కొరుకేగా తాతా!"

"ఎంగిలి ఎంగిలే, ఎంత కొరికినా..."

బేరం చుట్టు మీద చుట్టు సాగింది. ముసలివాళ్ళ మోకాళ్ళు పట్టేశాయి. సర్జో అయితే ఒక చేత్తో వాయిస్తూ ఇంకో చేత్తో నడుం నొక్కుకుంటున్నాడు. చివరికి పినస్తి తన అన్నం డబ్బా తెరిచి, చాలాసేపు లోపలికి చూసింది. తియ్యటి సోయా పులుసులో ఉడికి గోధుమరంగుకి తిరిగిన గుడ్డు, ఆఖరున తిందామని దాచుకున్నది. దాన్ని రెండు చేతులతో తెచ్చి ఆకు నడుమ పెట్టి, ముక్కు ఎగబీల్చింది.

జోయో గుడ్డును చూశాడు. పిల్లను చూశాడు. కర్ర చేతిలోకి తీసుకున్నాడు.

సుంపెనో ముగింపు దరువు వేశాడు. నడక తగ్గింది. ఇప్పుడు తగ్గుతున్నది మేళం ఒక్కటే కాదు, హాల్లో పిల్లలందరూ ముందుకు వంగుతున్నారు. ఎక్కడ పడాలో అన్ని చుట్లు తిరిగాక వాళ్ళకీ తెలిసిపోయింది. ఆఖరి మెట్టు.

దొరగారు ఉరిమారు. ఆ మోత చాపల కిందనుంచి పాకి పిల్లల పొట్టల్లో దూరి, చాలాసేపు అక్కడే తిరిగింది. అది పూర్తిగా చల్లారేదాకా ఒక్కడూ దగ్గలేదు.

"గోంగు పడిందర్రా, లేవండి," అంది విదార్తి మేడం. ఎవరూ లేవలేదు. ఆవిడే రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"అది సంగీతమా మేడం? వీధి తగాదా," అన్నాడు హెంద్రో.

"తాళంలో ఉంది కదండీ. మీ డ్రిల్లులో పిల్లలు అడుగే కలపలేరు." ఆవిడ సుంపెనో వైపు తిరిగింది. "శనివారాలు మీవి."

సుంపెనో చేతులు జోడించాడు గానీ మనసు ఒప్పుకోలేదు. "ఈసారి పొరపాటు జరిగిందమ్మా. వచ్చే వారం పద్ధతిగా వాయిస్తాం. మధ్యలో మాటలుండవు. అసలైన గెండింగ్ ఎలా ఉంటుందో..."

"అలాగేనండీ," అంది ఆవిడ, పెద్దగా నమ్మకం లేకుండా.

బయట పికప్‌లోకి వాయిద్యాలు ఎక్కిస్తున్నారు. దొరగారు తృప్తిపడ్డాక మిగిలింది భక్తులదే కాబట్టి, జోయో మెట్టు మీద కూర్చుని గుడ్డులో సగం తను తిని సగం పినస్తి చేతిలో పెట్టాడు. అది తింటూనే ఆ పిల్ల వచ్చి సుంపెనో లుంగీ పట్టుకు లాగింది. వెనకాల బడి సగం నిలబడి ఉంది.

"తాతా, వచ్చే శనివారం ఎవరు అలుగుతారు?"

సుంపెనో నోరు తెరిచాడు. రాజుల గురించీ, గురువు గురించీ, పద్ధతి గురించీ చెప్పబోయాడు. ఎదురుగా అన్ని మొహాలు, ఒక్కటీ గోడ వైపు చూడటం లేదు. గొంతు సవరించుకున్నాడు.

"నేను," అన్నాడు.

"పోన్లే," అంది పర్యాతి బండి ఎక్కుతూ, "దానికి సాధన కూడా అక్కర్లేదు నీకు."