చోప్ చేసిన కుర్చీలు

అభ్యర్థులిద్దరినీ నేను న్యాయంగానే తూచాను. మా ఆదివారం తెలుగు బడి కమిటీ అధ్యక్ష పదవికి నిలబడ్డ జగన్మోహనరావు గారికి బ్యాంకులో పెద్ద ఉద్యోగం, మంచి గొంతు, ఇరవై నాలుగు స్లైడ్లు ఉన్నాయి. సత్యవాణి గారికి మైకు చూస్తేనే వణుకు. కాకపోతే ఏ పిల్ల ఏ అక్షరం దగ్గర తడబడుతుందో ఆవిడకు తెలుసు. ఎలా చూసినా ఆయనే గెలవాలి.

కానీ ఆయన గెలిస్తే మా సెంబవాంగ్ పేట తరగతిని ఎత్తేసి బిషాన్‌లోని పెద్ద తరగతిలో కలిపేస్తారట. ‘తొమ్మిది మంది పిల్లలకు ఒక టీచరా?’ అని ఆఖరి స్లైడు మీద ఎర్ర అక్షరాలతో రాయించారు. ఆ టీచర్ని నేనే. నాలుగేళ్ళుగా ఆ తొమ్మిది మందికీ ఒత్తులు దిద్దుతున్నదాన్ని, ఒళ్ళు మండదూ?

పోలింగ్ పద్ధతి ఎన్నిక జరిపించే ఈశ్వరరావు అంకుల్‌ది. చీటీలు లేవు. హాల్లో కుడివైపు జగన్మోహనరావు గారికి, ఎడమవైపు సత్యవాణి గారికి చెరో నలభై కుర్చీలు. ఇంటికొకరు వచ్చి తమకు నచ్చినవైపు కూర్చోవాలి, ఆయన తలలు లెక్కపెడతారు. అభ్యర్థులు మాత్రం నిలబడే ఉండాలి.

ఇక్కడే జగన్మోహనరావు గారి తెలివి వికటించింది. తన పేరు తెలుగులో అచ్చు వేయించిన టిష్యూ ప్యాకెట్లు తెప్పించి, తనవాళ్ళకు కానుకగా కుడివైపు కుర్చీకొకటి చొప్పున పెట్టించారు. ఈ దేశంలో హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాల సముదాయంలో, టిష్యూ ప్యాకెట్ పెట్టిన కుర్చీ చోప్ అయినట్టే, ఎవరో ముందే పట్టేసుకున్నట్టే. మన ఊళ్ళో బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేయడం లాంటిదే. మనవాళ్ళు ఆ రుమాలు తీసి అవతల పారేస్తారు, ఇక్కడ ఆ ప్యాకెట్‌ని ఎవరూ ముట్టుకోరు.

వచ్చినవాళ్ళు వచ్చినట్టే కుడివైపు చూసి, అయ్యో, అన్నీ చోప్ అయిపోయాయే అని నొచ్చుకుని ఎడమవైపు వచ్చి కూర్చున్నారు. పోయిన నెలే హైదరాబాద్ నుంచి దిగిన మూడు కుటుంబాలవాళ్ళు మాత్రం ప్యాకెట్లు జేబులో వేసుకుని కుడివైపు దర్జాగా కూర్చున్నారు. మావైపు ముప్పై ఆరు, అటు మూడు. నాకు నవ్వాగలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

సత్యవాణి గారి ఉపన్యాసం మూడు నిమిషాల్లో అయిపోయింది, ఆయనది అరగంట సాగింది. ఆ అరగంటా జగన్మోహనరావు గారి భార్య కమలాదేవి గారు నా పక్కనే ఇరుకుగా కూర్చున్నారు. వాళ్ళింటి ఓటు ఆవిడదే. నా ఒళ్ళో ఉన్న అనన్య, నా తరగతిలో అందరికంటే చిన్నది, ఆవిడ చేతిలోని టిష్యూ ప్యాకెట్ మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.

"జ... గ... న్మో... హ... న... రావు."

‘న్మో’ దగ్గర కూడా ఆగలేదు. ఎలా చదివావమ్మా అని ఆవిడ అడిగితే, "ఈజీ లా, ఆంటీ" అంది ఇక్కడి పిల్లల యాసలో.

కమలాదేవి గారు నా చెవి దగ్గరికి వంగారు. "మావాడు బిషాన్‌లో నలభై మందిలో కూర్చుంటాడండీ. మూడేళ్ళయింది. వాళ్ళ నాన్న పేరు చదవడం ఇంకా రాలేదు."

ఇంతలో జగన్మోహనరావు గారికి సంగతి అర్థమై గోల పెట్టారు. ఈశ్వరరావు అంకుల్ కుర్చీల మీది ప్యాకెట్లన్నీ తీయించి, పొరపాటున కూర్చున్నవాళ్ళు లేచి మారొచ్చని ప్రకటించారు. నా నవ్వు ఆరిపోయింది. ఒకరి తరవాత ఒకరు లేచారు. లేచినకొద్దీ నా తొమ్మిది మంది పిల్లలూ చేజారిపోతున్నట్టే అనిపించింది.

అంకుల్ రెండుసార్లు లెక్కపెట్టారు. కుడివైపు పందొమ్మిది, ఎడమవైపు ఇరవై.

ఆ ఇరవైలో తన భార్య కూడా ఉందని జగన్మోహనరావు గారు అప్పుడు చూశారు. ఆవిడ ఒక్కరూ లేస్తే లెక్క తారుమారవుతుంది. లేచి ఇటు రమ్మని సైగ చేశారు. హాలంతా ఆవిడ వైపే చూసింది.

కమలాదేవి గారు భర్త పేరున్న ప్యాకెట్‌ని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేశారు.

"ఈ సీటు నేను చోప్ చేసేశానండీ."

ముందు నవ్వింది జగన్మోహనరావు గారే. నేను నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. కమలాదేవి గారు ప్యాకెట్ విప్పి నాకో టిష్యూ ఇచ్చారు.