ఫోను ఎత్తనివాళ్లు

నేను ఒక పేరును. నన్ను ఎవరూ చెక్కలేదు, పోత పోయలేదు. పదమూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక చుక్క, దాని వెనక మరో రెండు అక్షరాలు. అంతే నా ఒళ్లు. చదివితే ‘కొబ్బరిపీచు డాట్ ఇన్’.

అంబాజీపేటలో, ఒక ఇంటర్నెట్ సెంటర్లో పుట్టాను. పుట్టకముందే పేచీ వచ్చింది. ఇంగ్లీషులో పీచుకు ఒక్క ‘ఇ’ చాలన్నాడు మరిది బుల్లెబ్బాయి. “చాలదు. జనం కొబ్బరిపిచ్చి అని చదూతారు. నీకైతే సరిపోద్ది గానీ నా సరుక్కి కాదు” అంది వదిన మంగాయమ్మ. రెండు ‘ఇ’లు పడ్డాయి.

పన్నెండుమంది ఆడవాళ్లతో ఆమె కాళ్లు తుడుచుకునే పీచు పట్టాలు నేయిస్తుంది. వాటిని నెట్లో చూపించే సైటుకు పేరును నేను. ఇక నన్ను ఏ కంపెనీలో రిజిస్టర్ చేయించాలన్నది మిగిలింది. తెర మీద రెండు కంపెనీలున్నాయి. మొదటిది మొదటి ఏడాదికి దాదాపు ఊరికే ఇస్తానంటోంది.

“ఇదే ఖాయం చేసేద్దాం ఒదినా!”

“ఫోను చెయ్యి ముందు. ఫోను ఎత్తనోడికి నేను కొబ్బరికాయ కూడా అమ్మను.”

మొదటి కంపెనీకి అసలు నంబరే లేదు. రెండోదానికి చేస్తే ప్రమీల అనే అమ్మాయి తెలుగులో పలికింది. మంగాయమ్మ మూడే అడిగింది.

“పొలానికి మల్లే దీని పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటాదమ్మా?”

“మీ పేరునేనండి.”

“రెండో ఏడాది ఎంత?”

ప్రమీల తడుముకోకుండా చెప్పింది. మొదటి ఏడాది కన్నా ఎక్కువే, కానీ దాచలేదు.

“నచ్చకపోతే పేరు పట్టుకుని బయటికి పోనిత్తారా?”

“పోనిస్తామండి. కోడ్ ఇస్తాం, ఇంకో కంపెనీకి మార్చుకోవచ్చు.”

“ఆయ్! అయితే రాసేసుకో. గడువు ముందు మాత్రం నాకు ఫోను చెయ్యాలి. ఫోను ఎత్తనోడికి నేను కొబ్బరికాయ కూడా అమ్మను, గుర్తెట్టుకో.”

నియమం ప్రకారం మెయిల్ కూడా కావాలంటే బుల్లెబ్బాయి అప్పటికప్పుడు కొత్తది తెరిచాడు. దాని పాస్‌వర్డ్ రాసిన కాగితంలో అదే సాయంత్రం పకోడీలు తిన్నాడు.

ఏడాది బాగానే గడిచింది. పట్టాల మీద కుట్టే చీటీలన్నిటి మీదా నేనే. విశాఖపట్నం హోటలు మేనేజరు ఒకడు ఆ చీటీ చూసి కబురు పంపాడు. బుధవారం పదకొండింటికి వాళ్ల యజమానుల ముందు సైటు తెరుస్తాడు. నమూనాలు నచ్చితే అన్ని గదులకూ మన పట్టాలే. పన్నెండు మగ్గాలకు ఏడాది పని.

మంగళవారం ఉదయం నేను ఆరిపోయాను.

గడువు దాటింది. పాస్‌వర్డ్ పోయిన మెయిల్‌కు వచ్చిన హెచ్చరికలు ఎవరూ చూడలేదు. నన్ను టైపు కొట్టినవాళ్లకు తెల్ల కాగితం లాంటి పేజీ కనబడుతోంది. మరికొన్నాళ్లు ఎవరూ పలకకపోతే నన్ను ఎవరైనా కొనుక్కోవచ్చు. అలా వదిలేసిన పేర్ల కోసమే కాచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు.

మధ్యాహ్నం బుల్లెబ్బాయి చూసి పరుగున వచ్చాడు. మంగాయమ్మ మండిపడింది.

“ఫోను చేత్తానంది కదా ఆ పిల్ల! మాటంటే మాటుండొద్దూ?”

అతను ఆమె ఫోను తీసుకుని చూశాడు. ఒకే కొత్త నంబరు నుంచి ఏడు మిస్డ్ కాల్స్.

“ఇదేంటి ఒదినా?”

“కొత్త నంబరు ఎత్తితే దోచేత్తారని చెప్పింది నువ్వే కదరా!”

మంగాయమ్మ అతని చేతిలోంచి ఫోను లాక్కుంది. ఆ నంబరుకే తిరిగి చేసింది. రెండో మోతకే ఎత్తారు.

“ప్రమీలనండి. ఎనిమిదోసారి నేనే చేద్దామనుకుంటున్నాను. ఫోను ఎత్తనివాళ్లకు కొబ్బరికాయ కూడా అమ్మనన్నారు కదండీ. అది మాకూ వర్తిస్తుందేమోనని భయపడ్డాను.”

మంగాయమ్మ గొంతు తగ్గించింది. నేను చూసినంతలో అది మొదటిసారి.

“తప్పు నాదేనమ్మా. పేరు పోయిందా?”

“పోలేదండి. ఇంకా మీదే. ఇప్పుడు కట్టేస్తే సాయంత్రానికి తెరుచుకుంటుంది.”

ఈసారి ఐదేళ్లకు రాయించింది. చీకటి పడకముందే నేను వెలిగాను. బుధవారం పదకొండింటికి విశాఖలో నన్ను కొట్టారు. పదకొండున్నరకు మంగాయమ్మ ఫోను మోగింది. కొత్త నంబరు.

బుల్లెబ్బాయి నోరు తెరిచేలోగానే ఆమె ఎత్తేసింది.

“ఆయ్, మంగాయమ్మనేనండి. చెప్పండి, ఎన్ని పట్టాలు?”