మకామె తల తిప్పిన వైపు

షుగరు కళ్లలోకి దిగిందని పట్నం డాక్టరమ్మ మకామెకు లేజర్ పెట్టింది. "నడిమి చూపు కాపాడాను తాతా. పక్క చూపు మాత్రం కాస్త తగ్గుతుంది" అంది. మకామె తల ఊపాడు. వామనగుంటల్లాంటి బావో ఆట, దాని పలక ఎదురుగానే ఉంటుంది కదా, పక్క చూపుతో తనకేం పని అనుకున్నాడు.

ఇంటికొచ్చి పలక ముందు కూర్చుంటే గానీ సంగతి తెలియలేదు. నడిమి గుంటల్లో గింజలు నిగనిగలాడుతున్నాయి. కొసల్లో గుంటలే లేవు. తల అటు తిప్పితే కనిపిస్తాయి, ఇటు తిప్పితే మాయం.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మసీదు వీధి అరుగు నిండిపోయింది. గోడకు ఆనుకుని కూర్చునే చోటు ఊళ్లో అందరినీ ఓడించినవాడిది. ఏళ్ల తరబడి అది మకామెదే. మేనమామ కొడుకు కోంబో దానిమీదే కన్నేసి ఉన్నాడు.

"ఇవాళ ఓడితే ఆ చోటు నాది, బావా! డాక్టరమ్మ నీ కన్ను కాల్చిందట కదా, చేపను కాల్చినట్టు?"

"కాల్చిందిరా. నిన్ను చూసి చూసి పాడైన భాగం వరకే."

అరుగంతా గొల్లుమంది.

ఆట మొదలైంది. మకామె ఎదుటి వరసలో ఏ గుంట కొట్టి గింజలు గెలుచుకోవాలనుకున్నా కోంబో ముందే దాన్ని ఖాళీ చేస్తున్నాడు. మకామె గింజలు కరిగిపోతున్నాయి. ఇదెలా పసిగడుతున్నాడని తలెత్తి చూస్తే, కోంబో చూపు పలక మీద లేదు. మకామె గడ్డం మీద ఉంది.

మకామెకు అప్పుడు అర్థమైంది. తల తిప్పిన ప్రతిసారీ తన మనసులో మాట వీడికి తెలిసిపోతోందన్నమాట!

దగ్గు వచ్చినట్టు కుడివైపు వంగి, అక్కడి గుంటలన్నీ కంట్లో నింపుకున్నాడు. తర్వాత తీరిగ్గా ఎడమకు తిరిగి, అక్కడే చూస్తూ గడ్డం గోక్కున్నాడు. నిట్టూర్చాడు.

కోంబో గబగబా ఎడమవైపు గింజలు తీసి పంచేశాడు.

మకామె తల కదల్చలేదు. చేయి మాత్రం కుడి కొసకు వెళ్లింది. కొట్టాడు. చేతిలో గింజలు గుంట గుంటకూ రాలుతూ, మళ్లీ కొడుతూ, మళ్లీ రాలుతూ పోయాయి. చేయి ఆగేసరికి కోంబో ముందు వరసలో ఒక్క గింజ మిగల్లేదు. ముందు వరస ఖాళీ అయితే ఓడినట్టే.

"అటు చూసి ఇటు కొట్టావేంటి బావా!"

"పలక చూసుకోవాల్సిందిరా. నా మొహంలో ఏం అందముందని?"

అరుగు దద్దరిల్లింది. మకామె గోడకు వెనక్కి ఆనుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా నిదానంగా తల తిప్పుతూ, నవ్వుతున్న ఒక్కో మొహాన్నీ తనివితీరా చూసుకున్నాడు.