తెర వెనక పుర్రచెయ్యి

సర్కారు సినిమా బండి వచ్చిందంటే ఆలూరు దిక్కు పల్లెల్లో ఆ పూట ఏ ఇంట్లోనూ పొయ్యి సరిగ్గా వెలిగేది కాదు. పొద్దు గుంకగానే బడి ముందర రెండు గుంజలు పాతి తెల్లగుడ్డ కట్టారు. మగవాళ్ళు ముందర, ఆడవాళ్ళు గుడ్డ వెనక. వెనక నుంచి కూడా బొమ్మ కనబడుతుంది కదా, ఇంకేం కావాలని మగవాళ్ళ న్యాయం.

సుంకులమ్మ ఇష్టం లేకుండానే వచ్చింది. పక్కింటి సోమక్క లాక్కొచ్చి గుంజ పక్కన కూర్చోబెట్టింది. మూడేళ్ళుగా సుంకులమ్మకు నలుగురిలోకి రావాలంటే భయం, ఎక్కడ నోరు జారుతుందోనని. ఊరిపెద్ద ఈరప్ప తమ్ముడు ఒకణ్ణి నరుకుతుంటే ఆమె తమ్ముడు లక్ష్మన్న చూశాడు. కోర్టులో ఉన్నదున్నట్టు చెప్పి వాణ్ణి జైలుకు పంపించాడు. ఈరప్ప పల్లెత్తు మాట అనలేదు, కొడవలి మాత్రం సాన పట్టించాడు. లక్ష్మన్న ఊరు విడిచి పారిపోయాడు. తుంగభద్ర డ్యాం పనిలో కలరా తగిలి పోయాడని సుంకులమ్మ ఊరంతా వినేట్టు ఏడ్చింది. బతికున్న తమ్ముడికి దినం చేసి ఊరికి అన్నం పెట్టింది. ఈరప్ప కూడా వచ్చి కడుపునిండా తిని పోయాడు. తమ్ముడు ఎక్కడున్నాడో ఆమెకూ తెలియదు, బతికున్నాడని మాత్రం తెలుసు.

సినిమాలో మొదట నల్లమల అడవి, దుప్పులు వచ్చాయి. తర్వాత ఒంటిమిట్ట గోపురం కనబడగానే ఆడవాళ్ళు కూర్చున్నచోటే చేతులు జోడించారు. ఆపైన ముగ్గురాయి గని. కొండ పేలింది. తెల్లటి దుమ్ములోంచి ఒక మనిషి వచ్చి, సమ్మెట ఎత్తి, ఇటు తిరిగి నవ్వాడు.

సుంకులమ్మ చప్పున సోమక్క వైపు చూసింది.

"మీ లక్ష్మన్న మాదిరే ఉండాడు కదక్కా," అంది సోమక్క.

సుంకులమ్మ కళ్ళు చికిలించి చూసింది. సమ్మెట కుడిచేతిలో ఉంది. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. లక్ష్మన్నది పుర్రచేతి వాటం. అన్నం తినడం తప్ప అన్ని పనులూ ఆ ఎడమచేత్తోనే.

"మావాడిది పుర్రచెయ్యి గదే. పోయినోడు యాడ నుంచి వస్తాడు?" అంది.

తెరమీద గని కూలీలు వరసగా కూర్చుని సంగటి తింటున్నారు. అందరూ ఎడమచేత్తోనే. హంపమ్మ ముసలిది నోరు మూసుకుని నవ్వింది.

"థూ, ఏం మనుషులే వీళ్ళు? ఎడమచేత్తో తింటాండారు."

"మనం ఎనక దిక్కున ఉండాం కదవ్వా," అంది సోమక్క. "మనకు అట్ల కనబడతాది. ముందరోళ్ళకు అది కుడిచెయ్యే."

సుంకులమ్మ తన రెండు చేతులూ మార్చి మార్చి చూసుకుంది. అయితే ఆ సమ్మెట? ముందర కూర్చున్న మగవాళ్ళంతా చూసింది ఎడమచేతినే. తన తమ్ముణ్ణే. వాళ్ళందరికంటే ముందు, కుర్చీ వేయించుకుని కూర్చున్నది ఈరప్ప.

సరిగ్గా అప్పుడే అటు నుంచి ఈరప్ప గొంతు వినబడింది. "ఏమప్పా, ఆ గనిది ఇంకోసారి ఏస్తావా?"

ఊరిపెద్ద అడిగితే కాదంటాడా? ఆపరేటరు రీలు వెనక్కి తిప్పాడు. మళ్ళీ కొండ పేలింది, మళ్ళీ దుమ్ము లేచింది. ఇప్పుడు వస్తాడు, ఇప్పుడు తిరిగి నవ్వుతాడు. సుంకులమ్మ చేతులు ఆమె మాట వినలేదు. పక్కనున్న గుంజకు కట్టిన తాడు ముడి లాగేశాయి. గుడ్డ జారి కిందపడింది.

వెలుతురంతా ఆడవాళ్ళ మీద పడింది. లక్ష్మన్న సుంకులమ్మ ఒంటిమీదే సమ్మెట ఎత్తాడు. ఆమె బెదిరిపోయి వాణ్ణి దాచాలని తెల్లచీర కొంగు రెండు చేతులా పరిచి అడ్డం పట్టింది. బొమ్మ ఆ కొంగు మీద ఇంకా తేటగా పడింది.

"గుడ్డ యాల ఇప్పినావమ్మా?" ఈరప్ప నవ్వుతూనే అడిగాడు. "కొండ పేలేది బాగుండాదని నేనే ఏయమంటి."

అంతవరకు అతను కొండను తప్ప దేన్నీ చూడనే లేదు. ఇప్పుడు ఏడుస్తున్న ఆ అక్క మొహం చూశాడు. కొంగు చూశాడు. కొంగుమీద ఎడమచేతిలో లేచిన సమ్మెట చూశాడు. అతని నవ్వు ఆగిపోయింది.

"ఏమప్పా," అన్నాడు ఆపరేటరు వైపు తిరిగి, నిదానంగా, "ఈ గని యాడుండాది?"

ఆపరేటరు చాలా సంతోషపడ్డాడు. ఇన్ని ఊళ్ళు తిరిగినా ఒక్కరూ అతన్ని ఆ మాట అడగలేదు.

"పులివెందుల పక్కనే సామీ. కడప నుంచి బస్సు కూడా ఉండాది."